ఐన్‌స్టీన్ వద్దులెండి, గంటకి 20 నిమిషాలు ఇప్పించండి చాలు

మా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో మొన్న మళ్ళీ ఆ ఫార్వర్డే వచ్చింది. ఐన్‌స్టీన్, ఎడిసన్, డావిన్సీ, ముగ్గురి ఫొటోలు వరసగా పెట్టి కింద పెద్దక్షరాల్లో వీళ్ళందరికీ డిస్లెక్సియానే, మీ పిల్లాడూ జీనియస్సే అని. పంపింది మా పిన్ని. పాపం మంచి మనసుతోనే పంపింది, మా అక్క కొడుక్కి ఈ మధ్యే డిస్లెక్సియా అని, అంటే తెలివికి లోటేం లేకపోయినా చదవడం కష్టమయ్యే ఇబ్బంది అని తేల్చారు కదా, అక్కకి ధైర్యం చెబుదామని. అక్క ఓ దండం ఎమోజీ పెట్టి ఊరుకుంది. నాకైతే చిర్రెత్తుకొచ్చింది కానీ పిన్నితో గొడవెందుకని గ్రూపులో ఏమీ అనకుండా ఇక్కడికొచ్చి పడ్డా.

ముందు ఆ ఫొటోల సంగతి తేల్చేద్దాం. డావిన్సీ పోయింది 1519లో. డిస్లెక్సియా అన్న మాటని జర్మనీలో రుడాల్ఫ్ బెర్లిన్ అనే కంటి డాక్టరు పుట్టించిందే 1880ల్లో. మరి ఆయన్ని ఎవరు టెస్ట్ చేశారట? ఎడంచేత్తో, అద్దంలో పెడితే గానీ సరిగ్గా కనపడనట్టు తిరగేసి రాసేవాడు కాబట్టి ఉండే ఉంటుందని ఓ లెక్క. ఐన్‌స్టీన్‌కి లేటుగా మాటలొచ్చాయి అంటారు, కానీ బళ్ళో లెక్కలూ ఫిజిక్సూ ఇరగదీసేవాడు, చదవడానికి అవస్థ పడ్డాడనడానికి గట్టి ఆధారమేం లేదు. సరే, పోయినవాళ్ళ మీద ఏ పోస్టరైనా అంటించుకోవచ్చు, లేచొచ్చి కాదనరు కదా. నా బాధ అది కాదు. ఆ పోస్టర్ చూసిన మా బావ నాకు ఫోన్ చేసి "మరి మనోడికి లెక్కల్లో కూడా నలభయ్యే వచ్చాయేంటోయ్" అన్నాడు. అదీ సంగతి. పిల్లాడు జీనియస్ అయితేనే వాడి చదవలేకపోవడాన్ని మాఫీ చేస్తారన్నమాట, కాకపోతే మళ్ళీ మొద్దే.

నాకూ ఉందండీ ఇది. నేను చదువుకునే రోజుల్లో మా ఊళ్ళో ఆ పేరు ఎవరికీ తెలీదు, చదువు అబ్బలేదు అనేవాళ్ళు, అంతే. మా మేనల్లుడికి టెస్టులు చేయిస్తున్నప్పుడు పక్కన కూర్చున్నా, ఆ సైకాలజిస్ట్ మేడమ్ అడిగే ప్రశ్నలన్నీ నా గురించే అడుగుతున్నట్టు అనిపించి తర్వాత నేనూ వెళ్ళి చేయించుకున్నా. ఇప్పుడు ఈ పోస్ట్ కూడా చేత్తో టైప్ చేయట్లేదు, ఫోన్ ముందు పెట్టుకుని మాట్లాడుతుంటే వాయిస్ టైపింగ్ రాసుకుపోతోంది, తర్వాత మా ఆవిడ ఓసారి ఒత్తులవీ చూసి పెడుతుంది, కాబట్టి ఆగాల్సిన చోట వాక్యం ఆగకపోతే కొంచెం సర్దుకోండి.

ఎలా ఉంటుంది, అక్షరాలు ఎగురుతాయా, తిరగబడతాయా అని అడుగుతారు చాలామంది. సినిమాల్లో అలా చూపిస్తారు కదా. నాకు ఏ రోజూ ఏ అక్షరమూ ఎగరలేదు. కంటికి అంతా బానే కనపడుతుంది. చిక్కల్లా ఆ కనపడ్డ గుర్తుని చెవికి తెలిసిన శబ్దంతో కలిపే చోట. మీకు అది ఆలోచించకుండా టక్కున జరిగిపోతుంది, నేను ప్రతిసారీ కూర్చుని కలుపుకోవాలి. గుణింతం నాకు నోటికి బ్రహ్మాండంగా వచ్చేది, గడగడా అప్పజెప్పేవాణ్ణి, మా అమ్మ మురిసిపోయేది. మాస్టారు బోర్డు మీద కౌ దగ్గర బెత్తం ఆనించి ఇదేంట్రా అంటే మాత్రం లోపల్లోపల క కా కి కీ అని మొదట్నుంచి పాడుకుంటూ అక్కడిదాకా రావాల్సిందే. నేను వచ్చేసరికి ఆ బెత్తం బోర్డు మీద ఉండేది కాదు.

తెలుగులో ఒత్తులు ఇంకో తిరకాసు. గుడి పైన పెడతారు, కొమ్ము పక్కన పెడతారు, ఒత్తు కింద రాస్తారు, నోట్లోంచి వచ్చేటప్పుడు మాత్రం అన్నీ ఒకదాని వెనక ఒకటి బుద్ధిగా రావాలి. స్వాతంత్ర్యం అనే మాటని నేను ఇవాళ్టికీ చదవను, గుర్తుపడతానంతే, ఆ ఆకారం కనపడగానే ఆగస్టు పదిహేను అనుకుని దాటేస్తా. ఏదైనా కొత్త మాట, పేపర్లో వచ్చే ప్రత్యామ్నాయం లాంటిది తగిలిందనుకోండి, చివరి ఒత్తు విడదీసుకునేసరికి మొదటి అక్షరం జారిపోయి ఉంటుంది. అదే మీరు నోటితో చెప్పండి, ఒక్కసారి వింటే చాలు, మళ్ళీ అడగను.

అయినా తెలుగు నయమే. రాసిందే పలుకుతాం, పలికిందే రాస్తాం, ఒకసారి ముడి పడిందంటే పడినట్టే. ఇంగ్లీష్ అలా కాదుగా, దో, త్రూ, టఫ్, మూడిటికీ చివర అవే నాలుగు అక్షరాలు (ough), మూడుచోట్లా మూడు రకాలుగా పలకాలి. 2001లో ఇటలీ, ఫ్రాన్స్, బ్రిటన్‌లలో డిస్లెక్సియా ఉన్న వాళ్ళ మీద ఒక పరిశోధన జరిగింది, స్కాన్లు తీసి చూస్తే మెదడులో ఎడమ పక్కన తక్కువగా పని చేసే చోటు మూడు దేశాల వాళ్ళకీ ఒకటే, కానీ ఇటాలియన్లు మిగతా ఇద్దరి కన్నా బాగా చదువుతున్నారు, ఎందుకంటే వాళ్ళ భాషలో రాత పలుకుని ఏమార్చదు. నాకు ఇది తెలిశాక మా అక్క కొడుకు సంగతి అర్థమైంది. వాడు తెలుగులో నెమ్మదిగా, తడుముకుంటూ అయినా నెట్టుకొచ్చాడు, ఇంగ్లీష్ మీడియం పుస్తకాలు లావయ్యేకొద్దీ దొరికిపోయాడు. దొరికిపోయాడు అంటున్నా చూడండి, మా వాళ్ళు అలాగే అన్నారు మరి, వాడేదో దొంగతనం చేసినట్టు.

ఇది ఈ కాలం పిల్లలకి కొత్తగా వచ్చిన జబ్బని, సెల్‌ఫోన్ల వల్లని చెప్పే పెద్దమనుషులు ఉంటారు. 1896 నవంబర్లో బ్రిటిష్ మెడికల్ జర్నల్లో ప్రింగిల్ మోర్గన్ అనే డాక్టరు పెర్సీ అనే 14 ఏళ్ళ కుర్రాడి గురించి రాశాడు. చురుకైనవాడు, ఆటల్లో ఎవరికీ తీసిపోడు, ఏడో ఏట నుంచీ చదువు చెప్పిస్తూనే ఉన్నారు, అయినా చదవడం రాలేదు. తన పేరే తను రాసుకోమంటే అక్షరాలు తారుమారై ప్రెసీ అయింది. వాడికి పాఠాలు చెప్పిన మాస్టారు ఏమన్నాడంటే, చదువంతా నోటితోనే సాగేదైతే ఈ బళ్ళో వీడే అందరికన్నా చురుకైన కుర్రాడు అయ్యేవాడు అని. దాదాపు 130 ఏళ్ళ కిందట ఒక మాస్టారికి తట్టిన విషయం ఇది. మా మాస్టారికి తట్టలేదు, ఆయన్ని మాత్రం ఏం అంటాం, క్లాసులో డెబ్భై మందిమి ఉండేవాళ్ళం.

సరే, ఆ పోస్టర్ మీద ఎవరి ఫొటో పెట్టాలో నేను చెప్తా. బతికున్నప్పుడు తమ నోటితో తామే చెప్పుకున్నవాళ్ళవి.

మొదటి ఫొటో కెరోల్ గ్రైడర్‌ది. అమెరికా ఆవిడ, చిన్నప్పుడు స్పెల్లింగులు రావట్లేదని క్లాసులోంచి లేపి వేరే టీచర్ దగ్గరికి పంపేవాళ్ళు, దాంతో నేను మిగతా పిల్లల్లా తెలివైనదాన్ని కాదేమో అనుకునేదట. శబ్దాలు విడదీసుకుని రాయడం కుదరదని మాటలకి మాటలే బట్టీ పట్టడం అలవాటు చేసుకుంది, ఆ బట్టీ అలవాటే తర్వాత కెమిస్ట్రీకీ అనాటమీకీ పనికొచ్చిందని ఆవిడే చెప్పింది. ల్యాబ్‌లో పనిమంతురాలు, కాలేజీ మార్కులు బానే ఉన్నాయి, కానీ పీజీకి వెళ్దామంటే జీఆర్ఈ స్కోరు అడుగుతారుగా, అది ఆవిడకి తక్కువ వచ్చింది. మన పిల్లలు అమెరికా వెళ్ళడానికి అమీర్‌పేటలో కోచింగ్ తీసుకుని రాస్తారు చూడండి, అదే పరీక్ష. బోలెడు యూనివర్సిటీలకి అప్లై చేస్తే ఇంటర్వ్యూకి పిలిచినవి రెండే, కాల్‌టెక్, బర్క్‌లీ. బర్క్‌లీలో ఎలిజబెత్ బ్లాక్‌బర్న్ దగ్గర చేరింది, 1984 క్రిస్మస్ రోజు అందరూ ఇళ్ళలో పండగ చేసుకుంటుంటే ల్యాబ్‌కి వెళ్ళి తను పెట్టిన ప్రయోగం ఫిల్మ్ కడిగి చూసుకుంది. టెలోమరేజ్ అనే ఎంజైము జాడ ఆ ఫిల్మ్ మీద కనపడింది. క్రోమోజోముల కొసలు అరిగిపోకుండా కాపాడేది అదే, క్యాన్సర్ గురించి ముసలితనం గురించి ఇవాళ మాట్లాడేవాళ్ళు దాని ఊసెత్తకుండా ఉండలేరు. దానికి 2009లో మెడిసిన్ నోబెల్ వచ్చింది, స్టాక్‌హోమ్ నుంచి ఫోన్ వచ్చేసరికి ఆవిడ ఇంట్లో బట్టల పని చూసుకుంటోందట.

ఈ కథలో మనవాళ్ళు నోబెల్ దగ్గర చప్పట్లు కొడతారు. నాకు ఆ రెండు యూనివర్సిటీల దగ్గర ఆగాలనిపిస్తుంది. స్కోరు కాగితం పక్కన పెట్టి ఆ అమ్మాయి ల్యాబ్‌లో ఏం చేసిందో చూద్దాం అనుకున్నవి అవి రెండే. మిగతావాళ్ళు పంపిన ఉత్తరాల్లో ఎంతమంది గ్రైడర్లు పోయారో ఎవరు లెక్కపెట్టారు.

జాక్ డుబోషే అని స్విట్జర్లాండ్ ఆయన, నీళ్ళని గడ్డ కట్టకుండా గాజులా బిగుసుకుపోయేలా చల్లార్చి అందులో ప్రోటీన్లనీ వైరస్‌లనీ ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌తో చూసే దారి కనిపెట్టినవాడు, 2017 కెమిస్ట్రీ నోబెల్. ఆయన తన బయోడేటాలో 1955 దగ్గర ఏం రాసుకున్నాడంటే, వో రాష్ట్రంలో అధికారికంగా మొదటి డిస్లెక్సిక్‌ని నేనే, దాంతో అన్నిట్లోనూ వెనకపడి ఉండే పర్మిషన్ దొరికింది అని. బయోడేటాలో అండీ! మనం అయితే ఆ సంవత్సరం చింపేసి జిరాక్స్ తీయిస్తాం.

బెరిల్ బెనసెరాఫ్ సంగతి మా ఆవిడకి బాగా నచ్చింది. ఆవిడ బోస్టన్‌లో స్కానింగ్ డాక్టరు. చదవడం కష్టం, కానీ బొమ్మలో తేడా చటుక్కున పట్టేసేది, అది తన డిస్లెక్సియా బుర్ర పుణ్యమేనని తనే చెప్పుకునేది. 1985లో కడుపులో బిడ్డ మెడ వెనక చర్మం మందంగా ఉంటే డౌన్ సిండ్రోమ్ ఉండే అవకాశం ఎక్కువని స్కాన్ల మీంచి చూపించింది, మొదట్లో చాలామంది నమ్మలేదు. ఇవాళ మన దగ్గర చిన్న టౌన్లలో కూడా మూడో నెల దాటేలోపు ఎన్‌టీ స్కాన్ రాయకుండా ఏ డాక్టరూ వదలరు కదా, ఆ దారిలో తొలి అడుగుల్లో ఆవిడదీ ఒకటి. వాళ్ళ నాన్న బరూజ్ బెనసెరాఫ్‌కి కూడా డిస్లెక్సియానే, ఆయనకీ 1980లో మెడిసిన్ నోబెల్. ఇది రక్తంలో వస్తుందనడానికి వేరే సాక్ష్యం అక్కర్లేదు. మా ఇంట్లో కూడా మా నాన్న సంతకం తప్ప ఏమీ రాసేవాడు కాదు, లెక్కలన్నీ నోటితోనే, కొట్టులో ఎవరి బాకీ ఎంతో పైసలతో సహా చెప్పేవాడు. నోబెల్ మాత్రం రాలేదు.

ఇక జాక్ హార్నర్, అమెరికాలో డైనోసార్ల ఎముకల మీద పరిశోధన చేసే ఆయన. మోంటానా యూనివర్సిటీ వాళ్ళు ఏడుసార్లు ఫెయిల్ చేశారు, డిగ్రీ చేతికి రాలేదు. ప్రిన్స్‌టన్ మ్యూజియంలో ఎముకలు శుభ్రం చేసే పనికి చేరాడు. 1978లో స్నేహితుడితో కలిసి మోంటానాలో డైనోసార్ పిల్లలున్న గూడు బయటపెట్టి, ఇవి గుడ్లు పెట్టి వదిలేసే రకాలు కాదు, పిల్లల్ని సాకాయి అని వాదించాడు. వాటికి పెట్టిన మైయాసారా అనే పేరుకి మంచి తల్లి బల్లి అని అర్థం. 1986లో అదే యూనివర్సిటీ పిలిచి గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. పిలిచి ఇచ్చేదేదో ముందే పరీక్ష వేరేగా పెట్టి ఉంటే పోయేది కదా అని నాకనిపిస్తుంది.

వీళ్ళందర్నీ చూసి డిస్లెక్సియా వరం, సూపర్ పవర్ అనేవాళ్ళు కూడా తయారయ్యారు ఇప్పుడు. కాస్త ఆగండి. 2003లో ఒక పరిశోధనలో, కాగితం మీద గీయొచ్చు గానీ నిజంగా కట్టలేని బొమ్మలుంటాయి చూశారా, అవి చూపించి ఇది సాధ్యమా కాదా అని అడిగితే డిస్లెక్సియా ఉన్నవాళ్ళు మిగతావాళ్ళ కన్నా త్వరగా చెప్పారు, తప్పులు కూడా ఎక్కువేం చేయలేదు. బానే ఉంది. కానీ తర్వాత వేరేవాళ్ళు వేరే రకాల బొమ్మలతో చూస్తే అన్నిచోట్లా అలా రాలేదు. లండన్‌లో జూలీ లోగన్ అనే ఆవిడ అమెరికాలో సొంత వ్యాపారాలు చేసుకునేవాళ్ళని అడిగితే వంద మందికి 35 మంది డిస్లెక్సియా లక్షణాలు చెప్పారు, అందరూ ఆ అంకె పట్టుకుని ఊరేగుతారు, కానీ సర్వేలో ఉన్నది వంద పైచిలుకు మందే. పైగా ఉద్యోగానికి అప్లికేషన్ నింపలేక సొంత కొట్టు పెట్టుకున్నోడి సంగతి ఏంటి, అది బలమా గత్యంతరం లేకా?

నా సంగతే తీసుకోండి. టెన్త్ ఎలాగో గట్టెక్కా, హిందీలో 20 వస్తే పాస్ కాబట్టి ఆ దేవుడి దయ, తర్వాత ఐటీఐలో డ్రాఫ్ట్స్‌మన్ సివిల్ చేసి ఇప్పుడు హైదరాబాద్‌లో పెద్ద బిల్డింగులకి ఏసీ డక్టులూ పైపులూ డ్రాయింగ్ వేస్తుంటా. ప్లాన్ తెరవగానే ఆ డక్టు వెళ్ళి మూడో ఫ్లోర్ బీమ్‌కి కొట్టుకుంటుందని నాకు కనపడిపోతుంది, సాఫ్ట్‌వేర్ క్లాష్ రిపోర్ట్ తీసేలోపే. ఇది డిస్లెక్సియా వల్లా, ఇన్నేళ్ళు అదే పని చేయడం వల్లా? నాకు తెలీదు, మా టీంలో చకచకా నవలలు చదివే అమ్మాయి కూడా అంతే త్వరగా పట్టేస్తుంది. నేను చెప్పగలిగింది ఒకటే, చదవడం దగ్గర ఆగిపోయినోడు వేరే దగ్గర ఆగిపోయినట్టు కాదు. అది చాలదా? ఏదో ఒక విద్య ఎక్కువ వస్తే గానీ మనిషిని మనిషిలా చూడరా?

ఆఫీసులో నాకు కావాల్సినవి అడిగితే నవ్వొస్తుంది, అంత చిన్నవి. పెద్ద మెయిల్ బదులు వాయిస్ నోట్ పెట్టడం, మీటింగ్‌లో మినిట్స్ నన్ను రాయమనకపోవడం, పీడీఎఫ్ ముందురోజు పంపితే ఫోన్‌తో చదివించుకుని వింటా. ఇప్పటి మేనేజర్ ఇవన్నీ ఒక్క మాటకి ఒప్పుకున్నాడు. అంతకుముందు ఒక కంపెనీలో ఇంటర్వ్యూకి వెళ్తే డ్రాయింగ్ చూడకుండానే తెల్లకాగితం ఇచ్చి మీ గురించి ఒక పేజీ రాయండి అన్నారు. నేను లేచి వచ్చేశా. ఏ సంస్థ అయినా, ప్రైవేటుదైనా సరే, వికలాంగుల విషయంలో ఈక్వల్ ఆపర్చునిటీ పాలసీ రాసి పెట్టాలని చట్టంలో సెక్షన్ 21 ఉందని అప్పుడు నాకు తెలీదు. తెలిసినా ఆ గదిలో సెక్షన్లు మాట్లాడే ధైర్యం ఎవరికుంటుంది లెండి.

చట్టం అంటే 2016 వికలాంగుల హక్కుల చట్టం, 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లోకి వచ్చింది. అంతకుముందు చట్టంలో 7 రకాల వైకల్యాలే ఉండేవి, ఇది 21 చేసింది, అందులో స్పెసిఫిక్ లెర్నింగ్ డిజబిలిటీస్ ఒకటి. డిస్లెక్సియా పేరు పెట్టి మరీ రాశారు. సెక్షన్ 16 ప్రకారం ఇలాంటి పిల్లల్ని వీలైనంత ముందే గుర్తించి తగ్గట్టు చెప్పే పని స్కూలుది. సెక్షన్ 17లో పరీక్షకి ఎక్కువ టైము, రాసిపెట్టే మనిషి, రెండో మూడో భాషల నుంచి మినహాయింపు, ఇవన్నీ ఉన్నాయి. టైము ఎంతంటే, కేంద్రం గైడ్‌లైన్స్ ప్రకారం గంటకి 20 నిమిషాలకి తగ్గకుండా, అంటే మూడు గంటల పేపరుకి ఇంకో గంట. ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్ ఉంటే అందులో ఆఖరి ఒక శాతం ఆటిజం, మానసిక వ్యాధులు, బుద్ధిమాంద్యం వాళ్ళతో కలిపి మనకి. దీనికి మాత్రం 40 శాతం వైకల్యం అని సర్టిఫికెట్ కావాలి. ఇంకో సంగతి, వికలాంగుణ్ణి నలుగురిలో కావాలని అవమానిస్తే సెక్షన్ 92 కింద ఆరు నెలల నుంచి ఐదేళ్ళ దాకా జైలు. క్లాసులో నిలబెట్టి శుద్ధమొద్దు అనే టీచర్లకి ఈ ముక్క ఎవరైనా వినిపిస్తే బావుణ్ణు.

సర్టిఫికెట్ కథ వేరే. ఎనిమిదేళ్ళు నిండాకే ఇస్తారు, అంతకుముందు చదవలేకపోవడం మామూలే కావొచ్చని. ముందు ఐక్యూ చూస్తారు, తర్వాత బెంగళూరు నిమ్‌హాన్స్ ఆసుపత్రి వాళ్ళ బ్యాటరీ అని ఒక టెస్టుల కట్ట ఉంటుంది, చదివించడం, రాయించడం, స్పెల్లింగులు, లెక్కలు, జ్ఞాపకం అన్నీ చూస్తారు. మళ్ళీ 14కి ఓసారి, 18కి ఓసారి చూపించుకోవాలి, 18లో ఇచ్చింది జీవితాంతం చెల్లుతుంది. మన దగ్గర ఇంకో గొడవ ఏంటంటే పిల్లాడు తెలుగులో చదవలేకపోతున్నాడా, ఇంగ్లీష్ రాక చదవలేకపోతున్నాడా అని తేల్చాలంటే తెలుగులో సరైన టెస్ట్ ఉండాలి కదా, మానేసర్‌లో నేషనల్ బ్రెయిన్ రీసెర్చ్ సెంటర్ వాళ్ళు మన భాషల కోసమని 2015లో డాలి అని ఒకటి తెచ్చారు, హిందీ, మరాఠీ, కన్నడ, ఇంగ్లీష్‌తో మొదలుపెట్టారు. ఆ మొదటి వరసలో తెలుగు లేదు. ఎప్పుడూ ఇంతే.

వికలాంగుల సర్టిఫికెట్ ఇచ్చే సదరం క్యాంపుకి స్లాట్ దొరికి వెళ్తే, క్యూలో మా ముందున్న పెద్దాయన మా వాణ్ణి ఎగాదిగా చూసి "బాబుకేం, బంగారంలా ఉన్నాడుగా, పెన్షన్ కోసమా" అన్నాడు. అక్క మొహం మాడిపోయింది. కాళ్ళూ చేతులూ బాగున్నవాడికి వికలాంగుల సర్టిఫికెట్ ఏంటన్నది ఆయన అనుమానం, మా అక్క మనసులో కూడా అదే ఉంది. సర్టిఫికెట్ ఉంటే రేపు పెళ్ళికి అడ్డం అని మా అత్తయ్య ఒకావిడ, ఎనిమిదో క్లాస్ పిల్లాడికి పెళ్ళి గురించి!

కాగితం ఉన్నా పరీక్ష హాల్లో పని అవుతుందని లేదు. 2021 నీట్‌లో డిస్‌గ్రాఫియా, అంటే రాయడం కష్టమయ్యే ఇబ్బంది ఉన్న ఒక అమ్మాయికి రావాల్సిన గంట ఎక్స్‌ట్రా టైము సెంటర్ వాళ్ళు ఇవ్వలేదు, పేపర్ లాగేసుకున్నారు. ఆ అమ్మాయి సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. నవంబర్లో జస్టిస్ చంద్రచూడ్ బెంచ్ తీర్పు ఇస్తూ అది ఆ అమ్మాయి హక్కు అని, జరిగింది అన్యాయమని, దాన్ని ఎలా సరిదిద్దుతారో వారంలో చూడమని ఆ పరీక్ష పెట్టే ఎన్‌టీఏకి చెప్పింది. మళ్ళీ పరీక్ష మాత్రం పెట్టించలేదు. అదే ఏడు ఫిబ్రవరిలో వికాస్ కుమార్ కేసులో, రాయబోతే చెయ్యి కొంకర్లు పోయే అభ్యర్థికి 40 శాతం లేదని యూపీఎస్‌సీ స్క్రైబ్‌ని, అంటే రాసిపెట్టే మనిషిని ఇవ్వకపోతే, స్క్రైబ్‌కి 40 శాతం లెక్క పెట్టడానికి లేదని అదే కోర్టు అంది. ఆ తీర్పు వల్లే 40 కన్నా తక్కువ ఉన్నవాళ్ళ కోసం 2022 ఆగస్టులో కేంద్రం వేరే గైడ్‌లైన్స్ తెచ్చింది. అంటే మీ పిల్లాడికి 40 రాలేదు కాబట్టి ఏమీ రాదు అని స్కూల్లో అంటే ఊరుకోకండి. అడిగేది నోటితో కాదు, కాగితం మీద అడగండి, రిసీవ్డ్ అని స్టాంపు వేయించుకోండి. బోర్డుని బట్టి రూల్స్ మారతాయి, సీబీఎస్ఈలో రెండు భాషల బదులు ఒక్క భాషతో సరిపెట్టుకునే వీలుంది.

భాష వదిలేసే దగ్గర నాదొక మాట. చాలామంది ఇంగ్లీష్ అవసరం కాబట్టి తెలుగు తీసేయిస్తున్నారు. నేను అక్కతో గట్టిగా చెప్పా, హిందీ వదిలేయ్, తెలుగు మాత్రం తీయకు అని. వాడికి అక్షరం మీద కాస్తో కూస్తో నమ్మకం కుదిరింది తెలుగులోనే.

ఎక్స్‌ట్రా టైము మిగతా పిల్లలకి అన్యాయం కాదా అని వాళ్ళ స్కూల్లో ఒక పేరెంట్ అడిగాడట. రేవు దాటడానికి ఒకడు వంతెన మీద బండేసుకుని వెళ్తున్నాడు, ఇంకొకడు పంటు వచ్చేదాకా ఆగి ఎక్కాలి. అవతలి ఒడ్డున ఇద్దరూ చేయాల్సిన పని ఒకటే, మీరు చూడాల్సింది ఆ పని. సోషల్ పరీక్ష అశోకుడు ఏం చేశాడో తెలుసా అని అడుగుతోంది, ప్రశ్న ఎంతసేపట్లో చదివావ్ అని కాదు.

ఇప్పుడు మా ఇంట్లో జరుగుతున్నది స్క్రైబ్ ప్రాక్టీస్. స్క్రైబ్ వస్తే చాలు అయిపోయిందనుకుంటారు, కాదు, చెప్పి రాయించడం కూడా నేర్చుకోవాల్సిన విద్యే. రాసే పిల్ల కింది క్లాసులో ఉండాలంటారు కాబట్టి ఎదురింటి ఏడో క్లాస్ అమ్మాయిని బతిమాలి, ఐస్‌క్రీమ్ లంచమిచ్చి ఆదివారాలు కూర్చోబెడుతున్నాం. మొదటి వారం లెక్కల్లో వాడు "ఎక్స్ ప్లస్ త్రీ స్క్వేర్" అన్నాడు, ఆ అమ్మాయి మూడు మీద మాత్రమే స్క్వేర్ పెట్టింది, వాడి మనసులో ఉన్నది హోల్ స్క్వేర్. లెక్క మొత్తం పోయింది. బ్రాకెట్ ఓపెన్, బ్రాకెట్ క్లోజ్, హోల్ స్క్వేర్ అని విడివిడిగా చెప్పడం ఇప్పుడిప్పుడే అలవాటవుతోంది. ప్రశ్న రెండుసార్లు చదివించుకోవడం, జవాబుకి ముందు ఎన్ని పాయింట్లో వేళ్ళ మీద లెక్కేసుకుని మొదలుపెట్టడం, చివర్లో నేను చెప్పింది తిరిగి చదువు అని అడగడం, వీటికి వాడు మొహమాటపడతాడు, పెద్ద ఇబ్బంది అదే. చిన్నపిల్లతో పని చెప్పించుకుంటున్నానని.

మొన్న ఆదివారం సైన్స్ చేయించాం. కిరణజన్య సంయోగక్రియలో మొక్క ఏం పీల్చుకుంటుంది అంటే వీడు ఆక్సిజన్ అన్నాడు, ఆ అమ్మాయి మాట్లాడకుండా కార్బన్ డయాక్సైడ్ అని రాసేసింది. అలా రాయకూడదమ్మా, వాడు తప్పు చెప్తే తప్పే రాయాలి, నువ్వు పెన్నువి మాత్రమే అన్నా. "చూస్తూ చూస్తూ తప్పెలా రాస్తానంకుల్, నా వల్ల కాదు" అంది. మా వాడు వెంటనే "అవును మావయ్యా, తను చెప్పింది కరెక్టే కదా" అని ఆ పిల్ల వైపే మాట్లాడాడు. వచ్చే ఆదివారం సోషల్ పెట్టుకున్నాం, అది ఆ అమ్మాయికి కూడా రాదట, కాబట్టి ఇబ్బంది ఉండకపోవచ్చు.